లో-ఎండ్ ల్యాప్‌టాప్‌లో రిజల్యూషన్ తగ్గిస్తే గేమ్ నిజంగా స్మూత్ అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది ఐ5-8250యూ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ యూహెచ్‌డీ 620తో నెట్టుకొస్తున్నారు. స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ. జీటీఏ 5లో అన్నీ నార్మల్‌లో పెట్టినా 22 ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) దాటడం లేదు. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించితే పెరుగుతుందా? ఎమ్యులేటర్‌లో (ఫోన్ గేమ్‌లను ల్యాప్‌టాప్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కి అదే పని చేస్తే రవ్వంత కూడా మారలేదు, మరి ఇదంతా ఉత్త మాటేనా? పైగా రోజూ తక్కువ రిజల్యూషన్‌లో ఆడితే స్క్రీన్ పాడవుతుందని మీ రూమ్మేట్ భయపెట్టాడట.

ముందు సమాధానం చెప్పేస్తాను. జీటీఏలో పెరుగుతుంది, బాగానే పెరుగుతుంది. మీలాంటి మెషీన్లలో 22 ఉన్నది 35, 40 దగ్గరికి రావడం నేను చాలాసార్లు చూశాను. ఎమ్యులేటర్‌లో పెరగకపోవడంలో కూడా వింతేమీ లేదు, మీరు తప్పేం చేయలేదు. స్క్రీన్ మాత్రం పాడవదు, ఆ టెన్షన్ వదిలేయండి.

రిజల్యూషన్ తగ్గిస్తే తగ్గేది గ్రాఫిక్స్ చిప్ మోసే బరువు మాత్రమే. గేమ్ ఆ చిప్ దగ్గర ఆగకుండా ఇంకెక్కడో ఆగుతుంటే, 800×600కి దించినా ఏమీ మారదు.

నేను హనుమకొండలో పదకొండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను. చుట్టూ కాలేజీలు, హాస్టళ్లు. సెమిస్టర్ పరీక్షలు అయిన మర్నాటి నుంచి షాపుకొచ్చే పిల్లల్లో సగం మంది "అన్నా, గేమ్ ల్యాగ్ అవుతోంది" అనే మొదలుపెడతారు. కాబట్టి కింద చెప్పేది ఎక్కడో చదివింది కాదు, కౌంటర్ మీద పెట్టి చూసిందే.

మొదట లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080లో 20,73,600 చుక్కలు (పిక్సెళ్లు). 1280×720 అంటే 9,21,600. ఇంటి ముందు వేసే చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. 15 వరుసలు, వరుసకు 15 చుక్కలు పెడితే మొత్తం 225. అదే పదికి పది పెడితే 100. ఒక్కో వైపు తగ్గింది మూడో వంతే, చుక్కలు మాత్రం సగానికి పైగా పోయాయి. 1080 నుంచి 720కి దిగడం సరిగ్గా ఈ నిష్పత్తే, రెండుంబావు రెట్లు. మధ్యలో ఉన్న 1600×900 అయితే 14,40,000 చుక్కలు. పాత ల్యాప్‌టాప్‌లలో వచ్చే 1366×768లో 10,49,088, అంటే ఫుల్ హెచ్‌డీలో దాదాపు సగం. అందుకే అదే ప్రాసెసర్ ఉన్న చవక మోడల్ తీసుకున్న మీ ఫ్రెండ్‌కి గేమ్ మీకన్నా స్మూత్‌గా ఆడొచ్చు. వాడి స్క్రీన్ మీకన్నా తక్కువరకం, వాడి చిప్ మీద బరువూ తక్కువే!

ఇక ఒక్కో చుక్కకి అయ్యే పని ఒక్కసారితో పోదు. జీటీఏ 5 లాంటి గేమ్‌లు ఒక ఫ్రేమ్ తయారు చేయడానికి లోపల చాలా బొమ్మలు గీసుకుంటాయి. వస్తువుల రంగులకు ఒకటి, ఏది ఎంత దూరంలో ఉందో చెప్పడానికి ఒకటి, వెలుగు ఎటు పడుతుందో తెలియడానికి ఒకటి. ఇవన్నీ స్క్రీన్ సైజులోనే ఉంటాయి, చివర్లో కలిపితే మీకు కనిపించే బొమ్మ అవుతుంది. చుక్కలు తగ్గితే ఆ బొమ్మలన్నిటి మీదా పని తగ్గుతుంది. లాభం వచ్చేది అక్కడే.

అయితే చుక్కలు రెండుంబావు రెట్లు తగ్గితే ఎఫ్‌పీఎస్ కూడా అన్ని రెట్లు పెరిగి 50 అవ్వాలి కదా, 40 దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఎందుకంటే చుక్కలతో సంబంధం లేని పని కూడా ఫ్రేమ్‌లో ఉంటుంది. కారు ఆకారం లెక్కగట్టడం, నీడల మ్యాప్ గీయడం లాంటివి మీరు ఏ రిజల్యూషన్ పెట్టినా అంతే ఉంటాయి. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. 22 ఎఫ్‌పీఎస్ అంటే ఒక ఫ్రేమ్‌కి 45 మిల్లీసెకన్లు. అందులో 36 చుక్కల పని, 9 మిగతా పని అనుకోండి. 720కి దించితే 36 కాస్తా 16 అవుతుంది, 9 అలాగే ఉంటుంది. మొత్తం 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఎఫ్‌పీఎస్. 900 దగ్గర ఆగితే 34 మిల్లీసెకన్లు, 29 ఎఫ్‌పీఎస్.

ఇంకా ఆశపడి 960×540కి దించారనుకోండి. చుక్కల పని 9కి పడిపోతుంది, మొత్తం 18. అంటే 55 రావాలి. కానీ ఈలోపు పక్కన ప్రాసెసర్ తన పని తను చేసుకుంటూ ఉంటుంది: రోడ్డు మీద మనుషులు ఎటు నడవాలి, ఏ కారు ఎక్కడ గుద్దుకుంది, తర్వాతి ఫ్రేమ్‌లో ఏమేం గీయాలి. దానికి ఫ్రేమ్‌కి 20 మిల్లీసెకన్లు పడుతుంటే 50 దగ్గర గోడ వచ్చేసినట్టే. గ్రాఫిక్స్ చిప్ తన పని ముగించి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక అక్కడి నుంచి రిజల్యూషన్ ఎంత తగ్గించినా బొమ్మ చెడిపోవడమే తప్ప ఒక్క ఫ్రేమ్ కూడా అదనంగా రాదు.

మీ ఎమ్యులేటర్ కథ కూడా సరిగ్గా ఇదే, కాకపోతే అక్కడ గోడ మొదట్లోనే ఉంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఫోన్ కోసం చేసిన గేమ్, గ్రాఫిక్స్ పరంగా మీ చిప్‌కి పెద్ద బరువు కాదు. బరువంతా ఎమ్యులేటర్‌దే. విండోస్ లోపల ఆండ్రాయిడ్‌ని ఇంకో కంప్యూటర్‌లా నడపాలి, అది ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద పడే పని. మీ 8 జీబీలో విండోస్, బ్రౌజర్ పోగా మిగిలిందే దానికి దక్కేది. కాబట్టి అక్కడ రిజల్యూషన్ జోలికి పోకండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ నొక్కితే కింద వర్చువలైజేషన్ అని ఉంటుంది. అక్కడ డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యేముందు తెరిచే సెట్టింగ్స్) వెళ్లి ఆన్ చేయండి. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో కోర్లు 4, ర్యామ్ 4 జీబీ ఇవ్వండి. క్రోమ్ మూసేయండి. ఎమ్యులేటర్‌లోనే ఎఫ్‌పీఎస్ లిమిట్ 30 అని పెట్టి ఉందేమో కూడా చూడండి. దాన్ని చూసుకోకుండా రెండు వారాలు తల బాదుకుని నా దగ్గరికొచ్చినవాళ్లు ఉన్నారు.

మీ గేమ్ ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. గేమ్‌లో ఒకే చోట నిలబడండి, ఎఫ్‌పీఎస్ రాసుకోండి. విండోస్ బటన్, జీ కలిపి నొక్కితే వచ్చే గేమ్ బార్‌లోనే ఎఫ్‌పీఎస్ కనిపిస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇప్పుడు మిగతా సెట్టింగ్స్ ఏవీ ముట్టుకోకుండా రిజల్యూషన్ ఒక్కటే గేమ్ ఇచ్చే అతి తక్కువకి దించి మళ్లీ చూడండి. బాగా పెరిగితే అడ్డం గ్రాఫిక్స్ చిప్ దగ్గర ఉంది, రిజల్యూషన్ మీకు పనికొస్తుంది. ఒకటో రెండో పెరిగి ఆగిపోతే అడ్డం ఇంకెక్కడో ఉంది. జీటీఏ 5లో అయితే ఇంకా సులువు, గ్రాఫిక్స్ మెనూలోనే బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంది. ప్రతిసారీ అవే సీన్లు నడుస్తాయి కాబట్టి పోల్చుకోవడానికి బాగుంటుంది. 2025లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ మీ ల్యాప్‌టాప్‌కి కాదు, పాత లెగసీ వెర్షన్‌లోనే ఉండండి.

ఈ పరీక్ష చేసేటప్పుడు రెండు చోట్ల మోసపోతారు. మొదటిది, విండోడ్ బోర్డర్‌లెస్, అంటే స్క్రీన్ అంతా నిండినా గేమ్ ఒక విండోలా నడిచే మోడ్. చాలా గేమ్‌లు ఈ మోడ్‌లో ఉన్నప్పుడు డెస్క్‌టాప్ ఏ రిజల్యూషన్‌లో ఉందో అదే వాడతాయి. మీరు మెనూలో 720 ఎంచుకున్నా లోపల 1080లోనే గీస్తూ ఉండొచ్చు. స్క్రీన్ టైప్‌ను ఫుల్‌స్క్రీన్‌కి మార్చి అప్పుడు చూడండి. రెండోది, వీ-సింక్, అంటే ఫ్రేములను స్క్రీన్ వేగానికి జతపరిచే సెట్టింగ్. మీలాంటి ల్యాప్‌టాప్‌ల ప్యానెల్ మామూలుగా 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. వీ-సింక్ ఆన్‌లో ఉంటే కొన్ని గేమ్‌లలో ఎఫ్‌పీఎస్ 60 అందకపోతే 30కి, 30 అందకపోతే 20కి పడిపోతుంది, మధ్యలో ఆగదు. చిప్‌కి 50 వరకు వెళ్లే సత్తా వచ్చినా మీకు కనిపించేది 30యే. అంకె ఎప్పుడూ 20, 30, 60 దగ్గరే అతుక్కుని కూర్చుంటే అనుమానించాల్సింది దీన్నే. పరీక్ష అయ్యేదాకా ఆఫ్ చేయండి.

ఇక 720లో బొమ్మ మసకబారుతుందా అంటే, అవును, బారుతుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో చుక్కలు ఫ్యాక్టరీలోనే అతికించేశారు, వాటి సంఖ్య మారదు. పది చుక్కల బొమ్మను పదిహేను చుక్కల మీద పరచాలంటే ఒక్కో చుక్కకి ఒకటిన్నర చోటు రావాలి. సగం చుక్క వెలిగించడం కుదరదు కాబట్టి పక్కనున్న రెండింటి రంగు కలిపి సర్దుతారు. ఆ సర్దుబాటే మీ కంటికి మసకగా కనిపించేది. అక్షరాలు, మ్యాప్, దూరంగా ఉన్న బోర్డులు ముందు దెబ్బతింటాయి. 540 అయితే ఒక చుక్కకి సరిగ్గా రెండు చొప్పున పడతాయి కాబట్టి లెక్క ప్రకారం షార్ప్‌గా రావాలి. కానీ అలా కలపకుండా చూపించే ఇంటీజర్ స్కేలింగ్ అనే సదుపాయాన్ని ఇంటెల్ మీ తర్వాతి తరం గ్రాఫిక్స్ నుంచి ఇచ్చింది, యూహెచ్‌డీ 620కి లేదు. వదిలేయండి.

మసక తగ్గడానికి ఒక దారి ఉంది. గేమ్‌లో రిజల్యూషన్ స్కేల్ లాంటి సెట్టింగ్ ఉంటే రిజల్యూషన్‌ను 1080లోనే ఉంచి ఆ స్కేల్‌ను 70 శాతం దగ్గర పెట్టండి. అప్పుడు ఆట దృశ్యం మాత్రమే తక్కువ చుక్కల్లో గీస్తారు, అక్షరాలు, మ్యాప్, బుల్లెట్ల లెక్క పూర్తి రిజల్యూషన్‌లో షార్ప్‌గా ఉంటాయి. 70 శాతం అంటే రెండు వైపులా 70, కాబట్టి చుక్కలు 49 శాతమే. సగానికి సగం బరువు దిగుతుంది, చూడటానికి మాత్రం 720 కన్నా హాయిగా ఉంటుంది. జీటీఏ 5లో ఇది అడ్వాన్స్‌డ్ గ్రాఫిక్స్‌లో ఫ్రేమ్ స్కేలింగ్ మోడ్ అనే పేరుతో ఉంటుంది. చాలామంది దాన్ని పొరపాటున ఒకటి కన్నా పైకి పెట్టేసి "అన్నా, ల్యాప్‌టాప్ చచ్చిపోయింది" అని తెస్తారు. ఒకటికి కిందనే ఉంచండి.

కొత్త గేమ్‌లలో ఎఫ్‌ఎస్‌ఆర్ అని కనిపిస్తుంది. 2021లో ఏఎండీ తెచ్చింది, పేరు ఏఎండీదే అయినా ఇంటెల్ చిప్‌ల మీదా నడుస్తుంది. తక్కువ చుక్కల్లో గీసి, అంచులు పదును పెట్టి పెద్దది చేస్తుంది. ఫుల్ హెచ్‌డీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 1280×720, పెర్ఫార్మెన్స్ పెడితే 960×540. మొదటి వెర్షన్ తేలిక, మీ చిప్‌కి సరిపోతుంది. రెండో వెర్షన్ బొమ్మ బాగా ఇస్తుంది కానీ ఆ పని చేయడానికే దానికి టైమ్ కావాలి. యూహెచ్‌డీ 620 మీద వచ్చిన లాభంలో కొంత అదే మింగేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు ప్రశ్నలో దీని గురించి రాయలేదు, నేను మాత్రం ముందు చూసేది ఇదే. మీ 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కా, రెండా?

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో దానికి సొంత మెమరీ ఉంటుంది. ఎంఎక్స్150 లాంటి చిన్న కార్డుకే సెకనుకు 48 జీబీ అందుతుంది, జీటీఎక్స్ 1650 తొలి మోడళ్లకు 128. మీ యూహెచ్‌డీ 620కి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే ప్రాసెసర్‌తో పంచుకోవాలి. డీడీఆర్4-2400 ఒక్క స్టిక్ సెకనుకు ఇచ్చేది 19.2 జీబీ. అందులోనే ప్రాసెసర్, విండోస్, గ్రాఫిక్స్ అన్నీ తాగాలి. ముగ్గు వేసేవాళ్లు ఎంత చురుగ్గా ఉన్నా పిండి అందించే చెయ్యి ఒక్కటే ఉన్నట్టు. రెండు స్టిక్‌లు పెడితే 38.4 అవుతుంది. ఎక్కువ రిజల్యూషన్ మీ మెషీన్‌ని అంతగా కుంగదీయడానికి సగం కారణం ఇదే: ఇందాక చెప్పిన ఆ బొమ్మలన్నీ ఈ ర్యామ్‌లోకే రాయాలి, మళ్లీ అక్కడి నుంచే చదవాలి.

పోయిన ఏడాది ఒక బీటెక్ కుర్రాడు దాదాపు మీలాంటి ల్యాప్‌టాప్‌నే తెచ్చాడు. అప్పటికే ఎవరో గేమ్ బూస్టర్ సాఫ్ట్‌వేర్ వేయించారు, ఇంకెవరో కూలింగ్ ప్యాడ్ అంటగట్టారు. ఇంత చేసినా జీటీఏ 24 దాటలేదు. వెనక మూత తీస్తే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా, దాని మీద ఫ్యాక్టరీలో అంటించిన నల్ల ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. ఉన్న స్టిక్‌కి జతగా అదే స్పీడ్‌ది ఇంకో 8 జీబీ పెట్టాం. ఒక్క సెట్టింగ్ మార్చకుండా, 1080లోనే 31 చూపించింది. వాడు స్క్రీన్ వైపు కాకుండా నా వైపు చూశాడు, నేనేదో మంత్రం వేసినట్టు. తర్వాత 900కి దించితే 40 దాటింది. బొమ్మ కూడా 720 అంత మసకగా లేదు. ఎలాగూ డబ్బు పెట్టాలనుకుంటే మొదటి రూపాయి ఇక్కడే పెట్టండి.

మూత తీయకుండానే తెలుసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అని ఉంటే అదృష్టమే. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అదనపు స్లాట్ ఉండకపోవచ్చు. కొనేముందు మీ మోడల్ నంబర్‌తో తేల్చుకోండి.

తర్వాత వేడి. ఐ5-8250యూ 15 వాట్ల చిప్. అందులో ప్రాసెసర్ వాడుకోగా మిగిలిందే గ్రాఫిక్స్‌కి. ఒకే జీతంతో రెండు కాపురాలు. మొదటి ఐదు నిమిషాలు బాగా ఆడి తర్వాత కుంటుతోందంటే అది రిజల్యూషన్ సమస్య కాదు, వేడెక్కి చిప్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటోంది. ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. రిజల్యూషన్ దించితే ఫ్రేములు పెరుగుతాయి, ఫ్రేములు పెరిగితే ప్రాసెసర్ పని పెరుగుతుంది, దాని వేడి కూడా పెరుగుతుంది. అందుకే 720కి దించాక 40 వచ్చి, పది నిమిషాల తర్వాత 28కి పడి, మళ్లీ 38కి లేచి ఊగుతూ ఉంటే విసుగొస్తుంది. అలాంటప్పుడు నేను ఫ్రేమ్ లిమిట్ 30 పెట్టేస్తాను. ఊగే 40 కన్నా కదలని 30 కళ్లకి హాయి. అయితే ఇది జీటీఏ లాంటి వాటికి. ఎదురుగా ఇంకో మనిషి తుపాకీ పట్టుకుని ఉండే గేమ్‌లో 30తో ఆడమని చెప్పను.

డిగ్రీ చదివే ఒకడు మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి ఆడేవాడు. 800×600కి దించినా ల్యాగే అని తెచ్చాడు. ఫ్యాన్ విప్పితే, ఫ్యాన్‌కీ రాగి గొట్టం చివర ఉండే రేకులకీ మధ్య దుమ్ము చాపలా అల్లుకుపోయి ఉంది. ట్వీజర్‌తో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది. నీలం రంగు. దుప్పటి నూలు! గట్టిపడి పెచ్చులూడుతున్న పాత థర్మల్ పేస్ట్ గీకి కొత్తది వేసి ఇచ్చాక 720లో నిక్షేపంగా ఆడింది. మీది ఎనిమిదో తరం ప్రాసెసర్ అంటున్నారు కాబట్టి ల్యాప్‌టాప్‌కి చాలా ఏళ్లే అయి ఉంటాయి. ఒక్కసారైనా ఫ్యాన్ శుభ్రం చేయించారా?

ఇంకో కేసు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. హాస్టల్‌లో ఆడితే ల్యాగ్, నా షాపులో పెడితే బ్రహ్మాండం. మూడుసార్లు తిప్పాడు పాపం. నాలుగోసారి అడిగాను, అక్కడ ఎక్కడ కూర్చుని ఆడతావని. మంచం మీద. ప్లగ్ పాయింట్ ఎక్కడుంది? తలుపు పక్కన. అంటే చార్జర్ లేకుండా బ్యాటరీ మీద ఆడుతున్నాడు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు చిప్‌కి ఇచ్చే పవర్‌నే కోసేస్తాయి, రిజల్యూషన్ ఏం పెట్టినా లాభం లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనుక్కోమని పంపాను.

రిజల్యూషన్ దించేముందు మార్చి చూడాల్సిన సెట్టింగ్స్ కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాటితో బొమ్మ పెద్దగా చెడదు. జీటీఏలో ఎంఎస్‌ఏఏ (అంచుల గరుకును నునుపు చేసే సెట్టింగ్) ఆఫ్ చేయండి, రిఫ్లెక్షన్ల ఎంఎస్‌ఏఏ కూడా. గ్రాస్ నార్మల్‌లో ఉంచండి, ఊరి బయట కొండల్లోకి వెళ్లినప్పుడు అదే ప్రాణం తీస్తుంది. పోస్ట్ ఎఫెక్ట్స్ నార్మల్. పాపులేషన్ డెన్సిటీ తగ్గిస్తే ప్రాసెసర్‌కి ఊపిరాడుతుంది, అది రిజల్యూషన్‌తో సాధ్యమయ్యే పని కాదు. టెక్స్చర్ క్వాలిటీ (వస్తువుల మీద పరిచే బొమ్మల నాణ్యత) మాత్రం చుక్కల లెక్కతో పెద్దగా సంబంధం లేనిది, మెమరీ తినేది. 8 జీబీలో నార్మల్‌లోనే ఉంచండి. దాన్ని హైలో పెట్టి రిజల్యూషన్ దించి సరిపెట్టుకుందామంటే కుదరదు. ఎఫ్‌పీఎస్ అంకె బాగానే కనిపిస్తుంది, కారు వేగంగా తోలేటప్పుడు మాత్రం ఉన్నట్టుండి అర సెకను బిగుసుకుపోతుంది. అలా బిగుసుకుపోయే ల్యాగ్‌కి, నెమ్మదిగా ఈడ్చే ల్యాగ్‌కి తేడా తెలుసుకోండి. ఈడ్చేదానికి రిజల్యూషన్ మందు. బిగుసుకుపోయేదానికి కాదు. అది ఎక్కువగా ర్యామ్ నిండిపోవడం వల్లో, గేమ్ పాత హార్డ్ డిస్క్‌లో ఉండటం వల్లో వస్తుంది.

నా వరస ఇలా ఉంటుంది: ముందు చార్జర్, ఫ్యాన్, ర్యామ్ స్లాట్ చూసుకోవడం, తర్వాత ఈ సెట్టింగ్స్, ఆ తర్వాత 1600×900. అది చాలకపోతే 720, లేదా 1080లోనే ఉండి స్కేల్ 70. 720కి కిందకి వెళ్లొద్దని నా అభిప్రాయం. 15.6 అంగుళాల స్క్రీన్ మీద 540 అంటే ఎదురుగా వచ్చేది కారో ఆటోనో పోల్చుకోవడం కష్టం. కౌంటర్ స్ట్రైక్ ప్రొఫెషనల్ ప్లేయర్లు 1280×960 సాగదీసి ఆడతారు కదా అని కొందరు వాదిస్తారు. వాళ్లు ఆడేది ఖరీదైన డెస్క్‌టాప్‌ల మీద. ఎదుటి మనిషి కాస్త వెడల్పుగా కనిపిస్తాడని, పాత అలవాటని అలా పెట్టుకుంటారు. మన బాధ వేరు.

స్క్రీన్ పాడవడం గురించి ఒక్క మాట. మీరు 720 పెట్టినా 1080 పెట్టినా ప్యానెల్‌లోని ఇరవై లక్షల చుక్కలూ ఎప్పటిలాగే వెలుగుతాయి, బ్యాక్‌లైట్ కూడా అదే. గేమ్ పంపిన చిన్న బొమ్మను ప్యానెల్‌కి చేరేలోపే పెద్దది చేసేస్తారు. ప్యానెల్‌కి ఆ తేడాయే తెలియదు. ఆ భయానికి కారణం పాత డబ్బా మానిటర్లు అయ్యుంటాయి, వాటికి పడని సిగ్నల్ ఇస్తే కీచుమనేవి. ల్యాప్‌టాప్ స్క్రీన్‌లు పాడవడం నేను చూసింది మూడే రకాలుగా: కీబోర్డు మీద పెన్ను మర్చిపోయి మూత వేయడం, హింజ్ దగ్గర కేబుల్ నలగడం, ఒక మూల పట్టుకుని ల్యాప్‌టాప్ ఎత్తడం.

కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అన్నది ఇప్పుడే తేల్చకండి. జీటీఏ బెంచ్‌మార్క్ 1080లో ఒకసారి, 720లో ఒకసారి, రెండూ చార్జర్ పెట్టి నడపండి. ఆ రెండు అంకెలు, టాస్క్ మేనేజర్‌లో స్లాట్స్ యూజ్డ్ ఎంతుందో, మీ మోడల్ నంబర్ ఇక్కడ కింద రాయండి. ర్యామ్ వేయించాలా, ఫ్యాన్ శుభ్రం చేయించాలా, 900తో సరిపెట్టుకోవచ్చా అన్నది చూసి చెప్తాను. పగలు షాపులో ఉంటాను, రాత్రి తొమ్మిది దాటాక జవాబిస్తాను.